ఆ రెండు తేదీలు కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

నేను ఫిజియోథెరపిస్టును. మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు, భుజం పట్టేసి చెయ్యి పైకెత్తలేనివాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. వాళ్లను మళ్లీ నడిపించడం, వాళ్ల పనులు వాళ్లు చేసుకునేలా చూడడం నా వృత్తి. సోషల్ మీడియాలో పొంగిపొర్లుతున్న పాజిటివిటీ మనుషుల్ని ఏం చేస్తోందో నా గదిలో రోజూ చూస్తున్నాను. అందుకే ఈ ఉత్తరం. కాస్త పెద్దదే అయింది, ఓపిగ్గా చదవమని మనవి.

ఒకప్పుడు కొత్తగా వచ్చిన పేషెంటు మొదట అడిగే మాట "ఎన్నాళ్లు పడుతుందండీ?" అని. ఇప్పుడు చాలామంది ఆ ప్రశ్న అడగడం లేదు. జవాబు ముందే తెలుసుకుని వస్తున్నారు. ఫోన్ తీసి ఒక వీడియో చూపిస్తారు. మొదట ఒక కుర్రాడు చంకకర్రల మీద ఉంటాడు. తెర మీద 'డే 1' అని పడుతుంది. పాట ఊపందుకుంటుంది. అరనిమిషం తిరక్కముందే ఆ కుర్రాడు పరుగెడుతుంటాడు. మనసు గట్టిదైతే ఒళ్లు దానంతటదే దారికొస్తుందని కింద ఒక వాక్యం. "నాకూ ఇలాగే అవ్వాలి మేడం" అంటారు. ఆ ఉత్సాహం చూస్తే నాకూ సంతోషమే. కానీ మూడో వారానికల్లా అది ఎలా మారిపోతుందో తెలుసు కాబట్టి బెంగ కూడా మొదలవుతుంది.

మోకాలిలో ఏసీఎల్ అనే లిగమెంటు, అంటే ఎముకల్ని కలిపి పట్టి ఉంచే పట్టీ, తెగినవాళ్ల సంగతే చెప్తాను. ఆపరేషన్‌లో సాధారణంగా ఆ మనిషి ఒంట్లోనే మరోచోటి నుంచి తీసిన టెండన్‌తో (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి భాగం) కొత్త లిగమెంటు కడతారు. ఆ తర్వాత మొదటి రోజుల్లో మేం చేసే పనిలో చూడ్డానికి ఏమీ ఉండదు. కాలు చాపి పడుకోబెట్టి మోకాలి కింద తువ్వాలు చుట్ట పెడతాను. "దీన్ని కిందికి నొక్కండి" అంటాను. ఆ మనిషి పళ్లు బిగించి, నుదుటి మీద చెమట పట్టేలా నొక్కుతారు. తొడ మీద నా చెయ్యి ఉంటుంది. దాని కింద ఏమీ కదలదు. అంతకుముందు అన్ని మెట్లు ఎక్కిన కండరం అసలు మాట వినదు. కీలులో వాపు ఉన్నంతకాలం తొడ ముందు కండరానికి వెళ్లే ఆదేశాలను నరాల వ్యవస్థే అణిచి ఉంచుతుంది. పేషెంటు సంకల్పానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. దెబ్బతిన్న కీలు విషయంలో ఒళ్లు అలాగే నడుచుకుంటుంది.

మళ్లీ నొక్కమంటాను. మర్నాడు మళ్లీ. ఒకరోజు మోకాలి చిప్పకు కాస్త పైన, నా వేళ్ల కింద ఏదో సన్నగా బిగుసుకుని వదులవుతుంది. అది కంటికి కనపడదు, చేతికే తెలుస్తుంది. నాకైతే ఆ రోజు పండగే. "వచ్చేసింది!" అంటాను. పేషెంటు తలెత్తి కాలివైపు చూసుకుంటారు.

"ఇంతేనా మేడం?"

ఈ మాట ఇదివరకు ఇంత తరచుగా వినలేదు. మోకాలు ఎంత వంగిందో గోనియోమీటర్ పెట్టి కొలిచి, పోయిన వారం కన్నా 5 డిగ్రీలు పెరిగిందంటే ఒకప్పుడు ఇంటికి ఫోన్ చేసి మరీ చెప్పేవారు. ఇప్పుడు ఆ 5 డిగ్రీలు ఎవరికీ ఆనవు. నిజంగా జరిగిన మంచిని కూడా మంచిగా గుర్తించలేకపోతున్నారు. ఆ వీడియోల వల్ల జరుగుతున్న మొదటి నష్టం ఇదేనని నా అభిప్రాయం.

ఒంటి మీదికి వచ్చే నష్టం ఇంకొకటుంది. కొత్తగా కట్టిన లిగమెంటు మొదట్లో గట్టిగానే ఉంటుంది. తర్వాత దానిలోకి కొత్త రక్తనాళాలు పెరుగుతూ, లోపలి కణజాలం మారుతూ ఉన్న దశలో బలహీనపడుతుంది. సుమారుగా రెండు మూడు నెలల నాటి మాట. సరిగ్గా అప్పటికే నొప్పి తగ్గుతుంది, వాపు పోతుంది, నడక కుదురుకుంటుంది. ఒళ్లు తేలికైనట్టుంటుంది, లోపల మాత్రం లిగమెంటు ఇంకా తయారు కాలేదు. "ఇంకా పరుగు వద్దు" అని నేనంటే "ఫలానా అతను మూడో నెలకే దూకేశాడు కదా" అని ఫోన్ చూపిస్తారు. అతను దూకింది నిజమే అయ్యుండొచ్చు. ఆ తర్వాత అతని మోకాలు ఏమైందో ఆ వీడియోలో ఉండదు. 9 నెలలు నిండకముందే మలుపులు తిరిగే ఆటల్లోకి దిగినవాళ్లకు మోకాలికి మళ్లీ దెబ్బ తగిలే ప్రమాదం ఎక్కువని పరిశోధనల్లో తేలింది. నెలలు నిండడమే కాదు, తొడ బలం రెండో కాలితో దాదాపు సమానం కావాలి. ఇవన్నీ చెప్తే నన్ను 'నెగెటివ్ మేడం' అనుకుంటారు. అనుకోనివ్వండి, వద్దని చెప్పడం కూడా నా ఉద్యోగంలో భాగమే. మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కాల్సి వచ్చిన వాళ్లనీ చూశాను కదా.

ఈ వీడియోలు ఎలా తయారవుతాయో కూడా నా గదిలోనే చూశాను. ఒక కుర్రాడు పడుకుని కాలు నిటారుగా పైకెత్తే వ్యాయామం చేస్తున్నాడు. పక్కన వాళ్ల తమ్ముడు ఫోన్ పట్టుకున్నాడు. మొదటిసారి మడమ బల్ల మీంచి లేవలేదు. తర్వాత లేచింది గానీ మోకాలు వంగిపోయింది. ఆ తర్వాత కాలు గడగడా వణికి కింద పడింది. కాసేపు ఊపిరి తీసుకుని, మళ్లీ మళ్లీ ప్రయత్నించి, చివరికి ఒక్కసారి చక్కగా ఎత్తాడు. గదిలో ఉన్నవాళ్లందరం చప్పట్లు కొట్టాం. సాయంత్రం అతను ఆ ఒక్కటే పోస్టు చేశాడు. అందులో అబద్ధమేమీ లేదు, అతను ఎత్తాడు, నేను సాక్షిని. తన సంతోషాన్ని పదిమందికి చూపించుకోవాలనుకోవడం తప్పూ కాదు. కానీ దాదాపు అదే సమయంలో అదే ఆపరేషన్ అయిన ఒకమ్మాయి ఆ వీడియో చూసింది. మర్నాడు వచ్చి బల్ల మీద కూర్చుని, వ్యాయామం మొదలుపెట్టకుండానే ఏడ్చేసింది. "అతనికి వచ్చింది, నాకెందుకు రావట్లేదు మేడం? నేను సరిగ్గా చేయట్లేదా?" నిజానికి ఆ అమ్మాయి తొడ బలం అతని కన్నా మెరుగ్గానే ఉంది. కొలతలు తీసి చూపిస్తే తప్ప నమ్మలేదు.

అతను చూపించని ప్రయత్నాలన్నీ ఆ అమ్మాయి తన ఒంట్లో చూసుకుంటోంది. అతని మంచి క్షణం పక్కన తన రోజంతా పెట్టుకుని తూచుకుంటోంది. మనుషులు తామెక్కడున్నామో తెలుసుకోవడానికి పక్కవాళ్లతో పోల్చుకుంటారని లియోన్ ఫెస్టింగర్ అనే సైకాలజిస్టు 1954లోనే చెప్పారు. పోల్చుకోవడం కొత్త జబ్బేమీ కాదు. కాకపోతే ఇదివరకు పోల్చుకునే పక్కమనిషి కుంటుతూ వెళ్లడం, విసుక్కోవడం, ఓ పూట అసలు లేవకపోవడం కూడా కళ్లకు కనపడేవి. ఇప్పుడు ఆ పక్కమనిషి స్థానంలో ప్రపంచంలో ఎక్కడో ఉన్నవాడి అరనిమిషం వచ్చి కూర్చుంది.

నాకు ఎక్కువ బాధ కలిగించేది పక్షవాతం పేషెంట్ల విషయం.

నా దగ్గరికి ఒక మాస్టారు వచ్చేవారు. ఎడమ వైపు పడిపోయింది. కాలు కొంత త్వరగానే తేరుకుంది, చెయ్యి రాలేదు. చాలామందిలో ఇలాగే జరుగుతుంది. కాలు కన్నా చెయ్యి ఆలస్యం, చేతిలోనూ వేళ్ల సన్నపని అన్నిటికన్నా ఆలస్యం. ఆయన వేళ్లు పిడికిలిలా బిగుసుకుపోయి ఉండేవి. ముందు బొటనవేలిని మెల్లగా బయటికి తీసి, మణికట్టు కిందినుంచి ఆనించి పట్టుకుని, ఒక్కో వేలూ తెరవాలి. తొందరపడితే ఇంకా బిగుస్తాయి. ఆయన ఆ చేతివైపు చూడకుండా కిటికీవైపు చూస్తూ కూర్చునేవారు.

ఒకరోజు వాళ్లమ్మాయి ఫోన్‌లో వీడియో పెట్టి ఆయన ముఖం ముందు పట్టుకుంది. చక్రాల కుర్చీలోంచి లేచి, రెండు చేతులూ ఊపుతూ నడిచొస్తున్న పెద్దాయన. "చూడు నాన్నా, ఈయన నీకన్నా పెద్దవాడు. నాలుగు నెలల్లో మామూలైపోయాడు. అంతా విల్ పవర్‌లోనే ఉందంటున్నాడు. నువ్వు గట్టిగా అనుకోవట్లేదు, అంతే."

ఆయనకు మాట కూడా పూర్తిగా రాలేదు. కూడబలుక్కుని అన్నారు: "అనుకుంటూనే... ఉన్నానమ్మా."

తర్వాత ఆ అమ్మాయిని బయటికి పిలిచి మాట్లాడాను. మెదడులో దెబ్బ ఎక్కడ తగిలింది, ఎంతమేర తగిలింది, వైద్యం ఎంత త్వరగా అందింది అనేదాన్ని బట్టి ఒక్కొక్కరి దారి ఒక్కోలా ఉంటుందని చెప్పాను. ఆ వీడియోలో ఆయనకు వచ్చిన స్ట్రోక్ వేరు, మీ నాన్నగారిది వేరు, ఇద్దరినీ ఒకే గీటుతో కొలవలేం అన్నాను. ఆ అమ్మాయి కఠినాత్మురాలేమీ కాదు. రాత్రుళ్లు నిద్ర మానుకుని అలాంటి వీడియోలే చూస్తోందట. చూసినకొద్దీ ఇంకా వస్తున్నాయట. తండ్రి కోలుకోకపోతే తన సేవలో ఏదో లోపం ఉన్నట్టేనని లోలోపల కుమిలిపోతోంది. ఆ పాజిటివ్ మాట ఒకే ఇంట్లో ఇద్దర్ని దోషుల్ని చేసి నిలబెట్టింది.

ఆ తర్వాత మాస్టారు కొన్నాళ్లు రాలేదు. "నా వల్ల కాదు" అన్నారట. స్ట్రోక్ తర్వాత మెదడు వేగంగా సర్దుకునే కాలం మొదటి మూడు నెలలు. ఆ తర్వాత మెరుగుదల ఆగిపోదు గానీ నెమ్మదిస్తుంది. అంత విలువైన రోజుల్లో కొన్ని అలా పోయాయి. ధైర్యం చెప్పాల్సిన వీడియో చూసే ఆయన ధైర్యం వదిలేసుకున్నారు. తిరిగి వచ్చాక మేం పెద్ద లక్ష్యాలు పెట్టుకోలేదు. కుడి చేత్తో రాసేటప్పుడు కాగితం జరిగిపోకుండా ఎడమ చెయ్యి ఆనించి ఉంచడం, అంతే. అది సాధించారు. సంతకం గీతకు అటూఇటూ పోకుండా పెట్టగలిగిన రోజు ఆయన ముఖంలో కనపడిన తృప్తికి ఏ పాటా అక్కర్లేదు.

'నువ్వు అనుకుంటే చాలు' అనే మాట వినడానికి ఎంతో బాగుంటుంది. తిరగేసి చూడండి. కానివాడు అనుకోలేదనేగా అర్థం? ఆపరేషన్ అయిన మనిషికి, పక్షవాతం వచ్చిన మనిషికి, భుజం పట్టేసి ఏడాది నుంచి మూడేళ్ల దాకా ఇబ్బంది పడే అవకాశం ఉన్న మనిషికి ఆ మాట నింద అయి తగులుతుంది. నొప్పి వాళ్లదే, తప్పూ వాళ్లదే అవుతుంది.

ఆశ పెట్టుకోవద్దని నేననడం లేదు. నమ్మకం లేని పేషెంటుతో నాకూ పని సాగదు. గాబ్రియేల్ ఓటింగెన్, డోరిస్ మేయర్ అనే పరిశోధకులు 2002లో ప్రచురించిన అధ్యయనాల్లో ఒకటి తుంటి కీలు మార్పిడి చేయించుకున్నవాళ్ల మీద జరిగింది. కోలుకుంటామనే నమ్మకం ఎక్కువ ఉన్నవాళ్లు బాగా కోలుకున్నారు. కోలుకున్నాక అంతా ఎంత హాయిగా ఉంటుందోనని ఊహల్లో తేలినవాళ్లు అంత బాగా కోలుకోలేదు. నా అనుభవానికి ఇది అచ్చంగా సరిపోతుంది. నమ్మకం ఉన్న మనిషి "ఇవాళ ఎన్నిసార్లు చేయాలి?" అని అడుగుతాడు. ఊహల్లో ఉన్న మనిషి ఆటలోకి దిగే రోజు గురించే మాట్లాడతాడు, తువ్వాలు చుట్టను రెండుసార్లు నొక్కి ఆపేస్తాడు. ఆ వీడియోలు ఎక్కువగా రెండో రకం మనిషినే తయారు చేస్తున్నాయి. గమ్యాన్ని ఫోన్‌లో అన్నిసార్లు చూసేశాక, దారి నడవాలనే కోరిక కొంత అక్కడే తీరిపోతున్నట్టుంది.

మేలు చేసిన వీడియోలూ ఉన్నాయి, చెప్పకపోతే అన్యాయం. ప్రమాదంలో కాలు పోగొట్టుకుని మాట్లాడడమే మానేసిన ఒకమ్మాయి, కృత్రిమ కాలు పెట్టుకున్న మరో అమ్మాయి వీడియో చూశాకే నా ముందు నోరు విప్పింది. ఆ రెండో అమ్మాయి తన కాలు తగిలించుకునేచోట చర్మం ఒరుసుకుపోయి ఎర్రబడడం, ఆ రోజు కాలు తీసి పక్కన పెట్టి ఇంట్లో కూర్చోవడం కూడా చూపించింది. "ఆమెకీ ఇలా అవుతుందట మేడం" అని మా పేషెంటు నాతో అన్నప్పుడు ఆ గొంతులో ఎంత ఊరటో! బలం ఇచ్చింది ఆ ఎర్రబడిన చర్మమే. మిగతావాళ్లు దాన్నే కత్తిరించేస్తున్నారు.

ఎందుకు కత్తిరిస్తున్నారంటే, నొప్పి గురించి రాస్తే వచ్చే జవాబులు అలాంటివి. మా పేషెంట్లు కొందరు ఆన్‌లైన్ గ్రూపుల్లో ఉన్నారు. ఒకావిడ "ఐదో నెల, ఇంకా మెట్లు దిగేటప్పుడు నొప్పిగానే ఉంది" అని రాసింది. ఐదో నెలలో అది అసాధారణమేమీ కాదు. అడగాల్సిన ప్రశ్నే. వరసగా జవాబులు: నెగెటివ్‌గా ఆలోచించకండి, పాజిటివ్‌గా ఉండండి, మీరు చాంపియన్ అని. నొప్పి మెట్టు దిగేటప్పుడు ఎక్కడ వస్తోందని ఒక్కరూ అడగలేదు. ఆవిడ మళ్లీ అక్కడ ఏమీ రాయలేదు. అలా ఒక్కొక్కరే మానుకుంటే గ్రూపులో మిగిలేవి నవ్వు ముఖాలే. కొత్తగా చేరినవాళ్లు చూసి, నొప్పి ఉన్నది తమ ఒక్కరికే అనుకుంటారు. విద్యార్థుల మీద చేసి 2011లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఇలాంటిదే కనపడింది. తోటివాళ్లు పడే బాధలను వాళ్లు ఉన్నదానికన్నా తక్కువగా అంచనా వేశారు. బాధను నలుగురిలో దాచుకుంటాం కాబట్టి అందరూ సుఖంగా ఉన్నట్టే కనపడుతుంది. 2009లో వచ్చిన మరో అధ్యయనం ప్రకారం, తమ మీద తమకు గౌరవం తక్కువ ఉన్నవాళ్లు తాము ప్రేమించదగిన మనుషులమని పదేపదే అనుకుంటే వాళ్ల మనసు ఇంకా కుంగింది. పాజిటివ్ మాట అందరికీ ఒకేలా పనిచేసే మందు కాదన్నమాట. మందుకైనా మోతాదు చూసి, మనిషిని చూసి ఇస్తారు.

ఫోటోల సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. 'ముందు, తర్వాత' ఫోటోలు నేను ఏ వైద్యమూ చేయకుండా ఒక్క నిమిషంలో తీయగలను. భుజాలు జార్చి, పొట్ట వదిలేసి ఒకటి, వెన్ను నిటారుగా పెట్టి, గడ్డం కాస్త లోపలికి లాగి, వెలుతురు పక్కనుంచి పడేలా నిలబెట్టి ఇంకొకటి. అదే మనిషి, అదే రోజు. ఎవరైనా అద్దం ముందు చేసి చూసుకోవచ్చు.

దీనికి ఏం చేయాలి? ఇన్‌స్టాగ్రామ్ 2021లో లైకుల సంఖ్య దాచుకునే వీలు ఇచ్చింది. మంచిదే, కానీ మా పేషెంట్లను కుంగదీస్తున్నది లైకుల లెక్క కన్నా కత్తిరించిన కాలం. ఒంటి ఆకారాన్ని మార్చి దిద్దిన ప్రకటన ఫోటోల మీద ఆ సంగతి ముద్ర వేయాలని నార్వే తెచ్చిన నిబంధన 2022లో అమలులోకి వచ్చింది. దిద్దిన నడుముకు ముద్ర ఉండాలంటే, దిద్దిన కాలానికి ఎందుకు ఉండకూడదు? చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. కోలుకున్న వీడియో పెట్టేవాళ్లు రెండు తేదీలు వేస్తే చాలు: ఆపరేషన్ లేదా జబ్బు వచ్చిన తేదీ, ఈ వీడియో తీసిన తేదీ. వీలైతే మధ్యలో ఏమీ జరగని ఒక రోజు, మడమ లేవని ఒక ప్రయత్నం, కొన్ని సెకన్లు ఉంచండి. మీ విజయం దాంతో తగ్గదు. చూసేవాళ్లకు మీరు ఎంత కష్టపడ్డారో అప్పుడే తెలుస్తుంది.

ఇంట్లోవాళ్లకు ఒక విన్నపం. మీ మనిషికి వీడియో చూపించే ముందు వాళ్ల ఫిజియోథెరపిస్టుకు ఒకసారి చూపించండి. మీ మనిషి పరిస్థితికి అది సరిపోతుందో లేదో చెప్పడానికి మాకు రెండు నిమిషాలు పట్టదు. "గట్టిగా అనుకో" అనే బదులు "ఇవాళ ఏది కష్టంగా ఉంది?" అని అడగండి.

చివరగా మీ పత్రికకు. ఆరోగ్యం పేజీలో విజయగాథలు వేస్తున్నారు, నేనూ చదువుతాను. వాటిలో కూడా మంచాన పడడం ఒక వాక్యం, లేచి పరుగెత్తడం తర్వాతి వాక్యం అవుతున్నాయి. ఆ రెండు తేదీలు మీరూ వేయండి. మధ్య నెలల్లో ఏం చేశారు, ఏది ఇప్పటికీ రాలేదు అని మీ విలేకరులు అడిగి రాయాలి. ఇంకా కోలుకుంటూ మధ్యలోనే ఉన్నవాళ్ల ఉత్తరాలకు వారానికోసారి కొంచెం చోటు ఇవ్వగలరేమో ఆలోచించండి. ఇస్తామంటే, రాయడానికి ఇష్టపడేవాళ్లు నా దగ్గర కొందరున్నారు. మెట్లు దిగేటప్పుడు నొప్పి గురించి అడిగిన ఆవిడ మొదటి ఉత్తరం తనే రాస్తానంది.

ఇట్లు,
ఒక ఫిజియోథెరపిస్టు